మాతృభూమి ఎవరి భూమి? – రెండు ప్రతిజ్ఞల గురించి

కొన్నేళ్ళ క్రితం మా ఊరి తెలుగు బడిలో జరిగిన ఒక సంఘటనతో ఈ వ్యాసం మొదలుపెట్టాలి. సంఘటన చిన్నదే గాని అందులో నా తప్పు ఉంది. ఆ తప్పేమిటో తెలుసుకునే ప్రయత్నంలోనే ఈ నాలుగు మాటలూ పోగయ్యాయి.

మా బడి పెద్దదేమీ కాదు. ఆదివారం పొద్దున్న రెండు గంటలపాటు, అడిగి తెచ్చుకున్న రెండు గదుల్లో, ఇరవైమంది లోపు పిల్లలతో నడుస్తుంది. చెప్పేవాళ్ళం అందరం వారమంతా ఇంకేవో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళమే. ఆ ఏడు ఆగస్టు పదిహేను పండగకి పిల్లలచేత ఏదైనా చెప్పించమని పెద్దలు అడిగారు. పాటలూ నాట్యాలూ ఎలాగూ ఉన్నాయి కనక, మనం చిన్నప్పుడు బడిలో చెప్పిన ప్రతిజ్ఞ తెలుగులో చెప్పిస్తే బాగుంటుందన్నాను. అందరికీ నచ్చింది. నాకు పుస్తకం కూడా అక్కర్లేకపోయింది. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా, ఏడాదికి రెండు వందల రోజులనుకున్నా, రెండువేల సార్లు చెప్పి ఉంటాను. అన్నేళ్ళ తర్వాత కూడా ఒక్క మాట తడబడకుండా వచ్చింది.

పిల్లలకి అర్థం తెలియాలి కదా అని ఒక్కొక్క మాటా విడదీసి చెప్పడం మొదలుపెట్టాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాం. పదకొండేళ్ళ అమ్మాయి, క్లాసులో అందరికంటే బాగా తెలుగు మాట్లాడే పిల్ల, చెయ్యెత్తి అడిగింది: "అంకుల్, మాతృ అంటే అమ్మ కదా? భూమి అంటే లాండ్. అంటే మా అమ్మ లాండ్. మా అమ్మది గుంటూరు, కరెక్టే. మరి నాది అని ఎందుకు చెప్పాలి?"

"అమ్మ యొక్క భూమి కాదమ్మా, అమ్మలాంటి భూమి" అన్నాను. ఆ పిల్ల ఊరుకోలేదు. "నేను ఇక్కడ పుట్టాను కదా అంకుల్. రోజూ పొద్దున్న స్కూల్లో ఇక్కడి జెండాకి ప్లెడ్జ్ చెప్తాను. రెండూ నిజం ఎలా అవుతాయి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళు చేసే పనే నేనూ చేశాను. "ఇప్పుడు అవన్నీ ఎందుకు, అందరితోపాటు చెప్పెయ్" అన్నాను. పండగ రోజున ఆ పిల్ల వరసలో నిలబడింది, చెయ్యి కూడా చాపింది, కాని పెదవి కదపలేదు. కార్యక్రమం అయ్యాక వాళ్ళమ్మగారితో, "మీ అమ్మాయి నోరు విప్పలేదండీ" అని నేనే చెప్పాను. ఆవిడ నా ఎదురుగానే కూతుర్ని కోప్పడింది. ఆ తర్వాత తరగతులకి ఆ పిల్ల రాలేదు.

సాహిత్యం గురించి అప్పుడో ఇప్పుడో నాలుగు ముక్కలు రాసే వాణ్ణి. ఒక కథలో ఒక మాట ఎందుకు పడిందో పేజీలకి పేజీలు చర్చిస్తాను. రెండువేల సార్లు నోటితో పలికిన ఈ పది వాక్యాలనీ ఒక్కసారి కూడా చదవలేదని ఆ రాత్రి తట్టింది. అందుకని, కాస్త ఆలస్యంగానైనా, ఒక రచనని చదివినట్టుగా దీన్ని చదవబోయాను. దానితోపాటు ఇక్కడి పిల్లలు రోజూ చెప్పే అమెరికా ప్రతిజ్ఞనీ పక్కన పెట్టుకున్నాను.

* * *

ముందు రచయిత సంగతి. భారతదేశపు ప్రతిజ్ఞ మొదట తెలుగులో పుట్టిందని మనలో చాలామందికి ఆలస్యంగా తెలిసింది. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో దీన్ని రాశాడు. అప్పుడాయన విశాఖపట్నంలో ఖజానా శాఖలో అధికారి. చైనాతో యుద్ధం జరిగిన ఏడాది అది. తెన్నేటి విశ్వనాథం ద్వారా ఈ ప్రతి అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజుకి చేరింది. 1963లో విశాఖలోని ఒక పాఠశాలలో పిల్లలచేత చదివించారు. 1964లో బెంగళూరులో, ఎం.సి. చాగ్లా అధ్యక్షతన జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దీన్ని దేశమంతటా బడులలో చెప్పించాలంది. 1965 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. మిగతా భాషలలోకి అనువాదమయింది.

నేను చదువుకున్న పుస్తకాల్లో జాతీయ గీతం కింద రవీంద్రుడి పేరుండేది, వందేమాతరం కింద బంకించంద్రుడి పేరుండేది, ప్రతిజ్ఞ కింద ఎవరి పేరూ ఉండేది కాదు. తను రాసింది దేశమంతా చెబుతోందన్న సంగతి సుబ్బారావుగారికే చాలాకాలం తెలియలేదనీ, మనవరాలు పుస్తకం తీసి పైకి చదువుతుంటే విని గుర్తుపట్టాడనీ చెబుతారు. ఆయన 1988లో పోయాడు.

విచిత్రమేమిటంటే అమెరికా ప్రతిజ్ఞ కథ కూడా ఇలాంటిదే. 1892 సెప్టెంబరు 8న 'ద యూత్స్ కంపానియన్' అనే పిల్లల పత్రికలో అది అచ్చయింది. కొలంబస్ ప్రయాణానికి 400 ఏళ్ళు నిండిన సందర్భం. ఆ పత్రిక అప్పట్లో బడులకి జెండాలు కూడా అమ్ముతూ ఉండేది. రాసింది ఫ్రాన్సిస్ బెల్లమీ అని సాధారణంగా అంగీకరిస్తారు. ఆయన బాప్టిస్టు మతబోధకుడు, క్రైస్తవ సోషలిస్టు. పత్రికలో మాత్రం పేరు వెయ్యలేదు. తర్వాత ఎవరు రాశారన్న దాని మీద తగాదాలు వచ్చాయి, పూర్తిగా చల్లారనూ లేదు.

అంటే రెండు దేశాల్లోనూ కోట్లమంది పిల్లలు "నేను" అంటూ ఒక వాక్యం చెబుతున్నారు. ఆ "నేను" మొదట ఎవరిదో వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. ఒక మనిషి ఒక సందర్భంలో రాసిన మాట అని తెలిస్తే పిల్లలు దాన్ని ప్రశ్నిస్తారు, మెచ్చుకుంటారు, పోల్చి చూస్తారు. పేరు తీసేస్తే అది ఆకాశం నుంచి ఊడిపడిన మాటలా ఉంటుంది. దానికి ఎదురు చెప్పాలని ఎవరికీ తోచదు.

* * *

ఇక తెలుగు ప్రతిజ్ఞ పాఠం చూద్దాం. మొదటి వాక్యంలో 'మాతృభూమి' ఉంది. ఇంగ్లీషులో ఆ చోట ఉన్నమాట 'దేశం' మాత్రమే, తల్లి లేదు. ఈ తేడా చిన్నది కాదు. దేశం నాది అంటే అది ఒక సంబంధం చెప్పడం. చట్టం కలిపినా, కాగితం కలిపినా ఆ వాక్యం చెల్లుతుంది. మాతృభూమి అంటే పుట్టుకతో వచ్చిన సంబంధం. రెండో వాక్యంలో 'సహోదరులు' అన్న మాట కూడా అదే దారిలో నడుస్తుంది. ఒకే ఉదరంలో పుట్టినవాళ్ళని దాని అర్థం. మొదటి వాక్యంలో తల్లి, రెండో వాక్యంలో ఆ తల్లి కడుపున పుట్టినవాళ్ళు. రూపకం తెగిపోకుండా పట్టుగా సాగింది. (ఈ వాక్యం చెప్పేటప్పుడు, అయితే మనం పెళ్ళి ఎవర్ని చేసుకోవాలిరా అని గుసగుసలాడుకోని హైస్కూలు కుర్రాళ్ళు తెలుగునాట లేరు. అది కూడా ఒక రకమైన సాహిత్య విమర్శే.)

మా తరగతి పిల్ల ఆ సమాసాన్ని షష్ఠీ తత్పురుషంగా విప్పింది: మాత యొక్క భూమి. నేను కర్మధారయంగా విప్పాను: మాతయే అయిన భూమి. వ్యాకరణం ప్రకారం రెండూ చెల్లుతాయి. ప్రవాసంలో పుట్టిన పిల్లకి మొదటిదే నిజం. ఆ పిల్ల అజ్ఞానంతో అడిగిందనుకున్నాను గాని, తన విషయంలో ఏ విగ్రహవాక్యం సరిపోతుందో చాలా ఖచ్చితంగా చెప్పింది. పదకొండేళ్ళ వయసులో సమాసం విప్పిన పిల్లకి శభాష్ అనాల్సిన చోట నోరు నొక్కాను.

తర్వాతి వాక్యాల్లో ప్రేమ, గర్వం వస్తాయి. దేశపు వారసత్వ సంపద నాకు గర్వకారణమన్న తర్వాత, ఈ పాఠంలోకెల్లా మంచి మాట అని నాకు తోచేది వస్తుంది. అది 'అర్హత'. వారసత్వం ఊరికే వస్తుంది, దానికి తగినవాణ్ణి కావడానికి మాత్రం నేను పాటుపడాలి అన్నది దాని సారం. దేశభక్తి పేరుతో మనం వినే మాటల్లో చాలావాటికి ఈ సంకోచం ఉండదు. మన పూర్వులు గొప్పవాళ్ళు కనక మనమూ గొప్పవాళ్ళం అనేస్తాయి. సుబ్బారావుగారు గర్వాన్ని ఒక వాక్యంలో ఒప్పుకుని, వెంటనే తరువాతి వాక్యంలో దాని మీద ఒక బాకీ రాసి పెట్టాడు. ఖజానా అధికారి కనక జమ పక్కన ఖర్చు రాయడం అలవాటేమో అని నవ్వుకున్నాను.

ఆ తర్వాత తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ పెద్దలూ వస్తారు. వారిని గౌరవిస్తాను, అందరితోనూ మర్యాదగా ఉంటాను అంటుంది పాఠం. చివర్లో 'ప్రజలు' వస్తారు. నా సేవ దేశానికీ ప్రజలకీ అనీ, వాళ్ళ మేలే నా సంతోషానికి మూలమనీ ముగుస్తుంది. తల్లితో మొదలైన పాఠం ఇంటి గడప దాటి జనం దగ్గర ఆగింది. జెండా లేదు. ప్రభుత్వం లేదు. దేవుడు లేడు. యుద్ధం జరిగిన ఏడాది రాసిన ప్రతిజ్ఞలో శత్రువన్న మాట కూడా లేదు. ఇది నాకు చాలా ఆశ్చర్యంగా కనిపించింది.

గురజాడ 1910లో రాసిన 'దేశభక్తి' గేయం తెలుగువాడి మనసులో దేశానికి ఉన్న అర్థాన్ని నేల మీంచి జనం మీదికి మళ్ళించింది. ప్రతిజ్ఞ నేలతో మొదలై జనంతో ముగుస్తుంది. సుబ్బారావుగారు గురజాడని తలుచుకుని రాశాడో లేదో తెలుసుకునే దారి నాకు లేదు. కాని విశాఖలో కూర్చుని దేశం గురించి తెలుగులో రాసే మనిషికి ఆ గేయం చెవిలో మోగకుండా ఉండదని మాత్రం అనుకుంటాను.

* * *

అమెరికా ప్రతిజ్ఞ ఇందుకు పూర్తిగా భిన్నం. అందులో కుటుంబం లేదు, ప్రేమ లేదు, గర్వం లేదు. విధేయత ఉంది. ఆ విధేయత ముందు జెండాకి, దాని ద్వారా గణతంత్రానికి. ఒకే జాతి, విడదీయరానిది అంటుంది. అంతర్యుద్ధం ముగిసి అప్పటికి 30 ఏళ్ళు కూడా కాలేదని గుర్తు పెట్టుకుంటే 'విడదీయరానిది' అన్న మాట బరువు తెలుస్తుంది. చివర అందరికీ స్వేచ్ఛ, న్యాయం అన్న మాటలున్నాయి. భారతదేశపు ప్రతిజ్ఞలో ఈ రెండూ లేవు. అక్కడ అవి రాజ్యాంగ ప్రవేశికలో ఉన్నాయి. బెల్లమీ సమానత్వం అన్న మాట కూడా పెట్టాలనుకుని, ఆ రోజుల్లో ఆడవాళ్ళకీ నల్లవాళ్ళకీ సమానత్వమంటే ఒప్పుకోరని మానుకున్నాడంటారు.

మన ప్రవాసులకి ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి ఒకటుంది. బెల్లమీ రాసింది 'నా జెండా' అని. 1923లో దాన్ని 'అమెరికా సంయుక్త రాష్ట్రాల జెండా' అన్న అర్థం వచ్చేలా మార్చారు. కారణం: వలస వచ్చినవాళ్ళు 'నా జెండా' అంటూ మనసులో తాము పుట్టిన దేశపు జెండాని తలుచుకుంటారేమోనన్న అనుమానం. మా తరగతి పిల్ల అడిగిన ప్రశ్న, 'నా' అంటే ఎవరిది అన్నది, ఈ దేశపు పెద్దలకి నూరేళ్ళ కిందటే వచ్చిందన్నమాట. వాళ్ళూ నాలాగే ప్రవర్తించారు. ప్రశ్నకి జవాబు చెప్పకుండా, ప్రశ్న పుట్టే మాటనే తీసేశారు. 1954లో దేవుడి పేరు చేర్చారు; కమ్యూనిస్టు రష్యాతో పోటీ నడుస్తున్న రోజులవి. ప్రతి మార్పులోనూ ఆనాటి భయం ఒకటి కనిపిస్తుంది.

రెండు పాఠాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచిన తేడా ఇది. తెలుగు ప్రతిజ్ఞ పిల్లవాణ్ణి మంచి మనిషిగా ఉండమంటుంది. అమెరికా ప్రతిజ్ఞ వాణ్ణి ఒక ఏర్పాటుకి కట్టుబడి ఉండమంటుంది. మొదటిదాన్లో మనుషులున్నారు గాని వ్యవస్థ లేదు. రెండోదాన్లో వ్యవస్థ ఉంది గాని మనుషులు 'అందరూ' అన్న ఒక్క మాటలో ఇరుక్కుపోయారు.

రెంటిలోనూ లేనిది కూడా ఒకటుంది. పౌరుడు చేసే పని ఏదీ రెంటిలోనూ లేదు. ఓటు వెయ్యడం లేదు, అడగడం లేదు, కాదనడం లేదు. పెద్దల్ని గౌరవిస్తానని తెలుగు పిల్లవాడు మాట ఇస్తాడు. ఆ పెద్దలు తప్పు చేసినప్పుడు ఏం చెయ్యాలో ఆ పాఠం చెప్పదు. బడిలో చేరిన చిన్నపిల్లలకి రాసింది కదా, అంత బరువు దాని మీద పెట్టడం న్యాయమా అనవచ్చు. న్యాయం కాదు, ఒప్పుకుంటాను. కాని మన దగ్గర పౌరసత్వం గురించి పిల్లల నోట రోజూ పలికించే మాట ఇదొక్కటే. పౌరశాస్త్రం సాంఘిక పుస్తకంలో చివరి భాగం. పరీక్ష ముందు రోజు రాత్రి పంచాయతీ సభ్యుల సంఖ్య, రాజ్యసభ కాలపరిమితి బట్టీ పట్టడం తప్ప దానితో మా తరానికి వేరే పని ఉండేది కాదు. 1976లో, అత్యవసర పరిస్థితి రోజుల్లో, 42వ సవరణతో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృష్టి, ప్రశ్నించి తెలుసుకునే స్వభావం పెంచుకోవాలన్న విధి కూడా ఉంది. ప్రశ్నించినవాళ్ళని జైళ్ళలో పెట్టిన కాలంలో ఆ మాట చేరడం చరిత్రలోని వ్యంగ్యం. ఆ విధుల్ని వరస తప్పకుండా అప్పచెప్పగలిగిన మాకు, ఆ ఒక్క విధిని తరగతి గదిలో వాడే అవకాశం మాత్రం దొరకలేదు.

నేను అమెరికా పౌరసత్వ పరీక్షకి చదివినప్పుడు 100 ప్రశ్నలుండేవి. 10 అడిగేవారు, 6 చెబితే చాలు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టుకునేవారికి 128 ప్రశ్నలు, 20 అడుగుతారు, 12 చెప్పాలి. ఆ పాత 100 ప్రశ్నల్లో ఒకటి నాకు బాగా గుర్తుంది: అమెరికన్లు తమ ప్రజాస్వామ్యంలో పాలుపంచుకునే రెండు మార్గాలేమిటి? ఒప్పుకునే జవాబుల జాబితాలో ఓటు వెయ్యడం, ఎన్నికల ప్రచారంలో సాయపడడం, ఎన్నికైనవారికి మన అభిప్రాయం చెప్పడం, ఒక విధానాన్ని బహిరంగంగా సమర్థించడం లేదా వ్యతిరేకించడం, పత్రికకి ఉత్తరం రాయడం, స్వయంగా పోటీ చెయ్యడం ఇలా చాలా ఉన్నాయి. రెండు ప్రతిజ్ఞల్లోనూ లేని క్రియాపదాలన్నీ అక్కడున్నాయి. బయటినుంచి వచ్చిన పెద్దవాళ్ళు వాటిని నేర్చుకుంటే తప్ప లోపలికి రానివ్వరు. నేనూ నేర్చుకున్నాను, పరీక్ష ప్యాసయ్యాను. ఒక విధానాన్ని వ్యతిరేకించడం పౌరుడి లక్షణమని అధికారి ఎదుట చెప్పి వచ్చిన నేను, ఒక పిల్ల నోరు విప్పకపోతే తల్లికి ఫిర్యాదు చేశాను.

* * *

నోరు విప్పకపోవడం కూడా పౌరుడి హక్కేనని ఈ రెండు దేశాలూ కోర్టుల్లో తేల్చాయి. ఆ సంగతి అప్పటికే తెలిసి ఉంటే నా ప్రవర్తన మారేదేమో.

1940లో అమెరికా సుప్రీంకోర్టు, జెండాకి వందనం చెయ్యనన్న పిల్లల్ని బడినుంచి తీసెయ్యవచ్చని తీర్పు చెప్పింది. వాళ్ళు యెహోవా సాక్షులనే మతశాఖకి చెందిన పిల్లలు. ఆ తీర్పు తర్వాత ఆ శాఖవాళ్ళ మీద దేశంలో చాలాచోట్ల దాడులు జరిగాయి. మూడేళ్ళకే, 1943 జూన్ 14న, బార్నెట్ కేసులో అదే కోర్టు తన తీర్పుని తనే తిరగరాసింది. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, అదీ జెండా పండగ రోజున, బలవంతంగా ప్రతిజ్ఞ చెప్పించే అధికారం ప్రభుత్వ బడికి లేదంది. ఆ తీర్పు రాసింది జస్టిస్ రాబర్ట్ జాక్సన్. పౌరసత్వాన్ని నేర్పే చోటు కనకనే బడి పిల్లల మనస్సాక్షిని మరింత జాగ్రత్తగా కాపాడాలన్నది ఆయన వాదంలో ముఖ్యమైన అంశం.

కేరళలో 1985లో అదే శాఖకి చెందిన ముగ్గురు పిల్లల్ని జాతీయ గీతం పాడలేదని బడినుంచి తీసేశారు. గీతం వస్తున్నంతసేపూ వాళ్ళు మర్యాదగా నిలబడే ఉన్నారు, పాడలేదు, అంతే. 1986లో భారత సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అందులో ఆయన బార్నెట్ తీర్పుని ప్రస్తావించాడు. లేచి నిలబడడం గౌరవం చూపడమేననీ, పాడకపోవడం అవమానించడం కాదనీ ఆయన స్పష్టం చేశాడు. సహనం గురించిన మాటతో ఆ తీర్పు ముగుస్తుంది.

ఇది చదివినప్పుడు మా పండగ వేదిక కళ్ళముందు కదిలింది. ఆ పిల్ల వరసలో నిలబడింది. చెయ్యి చాపింది. పక్కవాళ్ళని నవ్వించలేదు, ఆటపట్టించలేదు. నిజమని తను నమ్మలేని వాక్యాన్ని పలకలేదు. అంతకుమించిన మర్యాద ఏముంటుంది? ప్రతిజ్ఞ అంటే ఇచ్చిన మాట. మాటకి విలువ ఉందని నమ్మినవాళ్ళకే దాన్ని పలకడానికి సంకోచం కలుగుతుంది. మిగతా పిల్లలు గడగడా చెప్పేశారు, నేను రెండువేల సార్లు చెప్పేసినట్టే. ఆ రోజు వేదిక మీద ప్రతిజ్ఞని ప్రతిజ్ఞగా తీసుకున్నది ఆ పిల్ల ఒక్కతే.

పౌరసత్వాన్ని పిల్లలకి నేర్పడం గురించి నాకు మిగిలిన అభిప్రాయం ఇదే. ప్రతిజ్ఞ నేర్పవద్దని నేను అనడం లేదు. పైన చెప్పినట్టు, అందులో 'అర్హత' లాంటి మాట ఉంది, చివర్లో ప్రజలున్నారు, చదవవలసిన పాఠమే. కాని చెప్పించే ముందు చదివించాలి. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏ మాట ఎందుకు పడింది, ఏ మాట లేదు, ఎవరు ఒప్పుకోలేదు, ఒప్పుకోనివాళ్ళని కోర్టు ఎందుకు కాపాడింది అన్నవి కూడా పాఠంలో భాగమే. పద్యానికి ప్రతిపదార్థం చెప్పకుండా అప్పచెప్పమనే మాస్టారిని మనం ఒప్పుకోము. ప్రతిజ్ఞ విషయంలో మాత్రం అందరం అలాంటి మాస్టర్లమే.

మరుసటి ఏడు ఆగస్టు పదిహేనుకి పిల్లలచేత ప్రతిజ్ఞ చెప్పించలేదు. ఇద్దరు పిల్లలు సుబ్బారావుగారి గురించి తెలుగులో మూడు నిమిషాలు మాట్లాడారు. ఇంకొకడు కేరళ పిల్లల కేసు గురించి చెప్పాడు. తర్వాత, చెప్పాలనుకున్నవాళ్ళు లేచి ప్రతిజ్ఞ చెప్పారు. లేచినవాళ్ళలో పిల్లలకంటే పెద్దలే ఎక్కువ. అందరికీ నచ్చిందని చెప్పను. ఒక పెద్దాయన, "పండగ పూట కోర్టు కేసులెందుకండీ మాస్టారూ" అన్నారు. మా అబ్బాయికి భారతదేశం మీద ఉన్న కాస్త ప్రేమనీ చర్చల్లో పెట్టి చంపకండి అని ఒక తండ్రి విసుక్కున్నారు. ఆయన భయం అబద్ధం కాదు. ప్రేమ చర్చించినంత మాత్రాన చావదని నా నమ్మకం. కాని దాన్ని నేను రుజువు చెయ్యలేను.

ఆ అమ్మాయి తల్లిగారికి క్షమాపణ చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది. ఈమధ్య ఒక పెళ్ళిలో కలిస్తే చెప్పాను. "అయ్యో, అది ఎప్పుడో మర్చిపోయి ఉంటుందండీ" అన్నారావిడ. ఇప్పుడు కాలేజీలో చదువుతోందట. కిందటి ఎన్నికల్లో తెల్లవారకముందే లేచి వెళ్ళి, వాళ్ళ పేటలో పోలింగు కేంద్రంలో రోజంతా పనిచేసి వచ్చిందట. తెలుగు చదవడం మర్చిపోయిందని మాత్రం ఆవిడ కాస్త బాధపడ్డారు. ఆ మర్చిపోవడంలో నా పాలు ఎంతో ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేకపోయాను.